స్కూల్ ల్యాప్‌టాప్‌కి పడ్డ అడ్మిన్ లాక్: ఏది ఫార్మాట్‌తో పోతుంది, ఏది పోదు

నెల్లూరు ట్రంక్ రోడ్డులో అయినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో అయినా సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొట్లో ఈ మాట వినపడుతూనే ఉంటుంది: "అది స్కూల్ లాక్ అన్నా, ఫార్మాట్ కొడితే పోద్దిలే." కొన్ని లాకులు నిజంగానే ఫార్మాట్‌తో పోతాయి. ఐదారు వేలకు దొరికే క్రోమ్‌బుక్‌ల (విండోస్ బదులు గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లు) మీద, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి దిగే కొన్ని విండోస్ లాట్ల మీద ఉండేవి మాత్రం పోవు. ఎందుకంటే ఆ లాక్ హార్డ్ డిస్క్‌లో లేదు. పొలం అడంగల్లో ఇంకొకరి పేరున ఉంటే మనం కంచె పీకినంత మాత్రాన మనదవదు కదా, ఇదీ అంతే. ఆ మెషీన్ సీరియల్ నంబరు గూగుల్ దగ్గరో, మైక్రోసాఫ్ట్ దగ్గరో, ఆపిల్ దగ్గరో స్కూలు పేరున రాసి ఉంది. ఆ రాత కొట్టేయాల్సింది స్కూలే.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఏ లాక్ అన్నది. విండోస్‌లో ఎవరో పెట్టిన పాస్‌వర్డ్, కాలేజీ ల్యాబ్ డొమైన్‌లో (ల్యాబ్ సర్వర్ అదుపులో ఉండే నెట్‌వర్క్) చేర్చిన మెషీన్, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించనివ్వని గ్రూప్ పాలసీ, ఇవన్నీ డిస్క్‌లోనే ఉంటాయి. పెన్‌డ్రైవ్ నుంచి పార్టిషన్లన్నీ తుడిచి విండోస్ కొత్తగా ఎక్కిస్తే చాలు. మన జిల్లాల్లో ఇంజినీరింగ్ కాలేజీలు, డిగ్రీ కాలేజీలు వదిలించుకునే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉండేది ఈ లాకే. దీనికి వెయ్యి, పదిహేను వందలు అడిగితే అది విండోస్ ఎక్కించే కూలి మాత్రమే, లాక్ తీసే విద్యేమీ కాదని గుర్తుపెట్టుకోండి.

బాధంతా క్రోమ్‌బుక్‌తోనే. అంచుల చుట్టూ రబ్బరు, 11.6 అంగుళాల తెర, మూత మీద సగం గీకేసిన బార్‌కోడ్ స్టిక్కరు: డెల్ 3100, లెనోవో 100ఈ, 300ఈ, హెచ్‌పీ 11 సిరీస్‌లు, ఏసర్ చిన్న మోడళ్లు, ఇవన్నీ స్కూళ్ల కోసమే చేసినవి. విదేశాల్లో స్కూళ్లు వాడి వదిలేస్తే లాట్లుగా వచ్చి మన బజార్లో పడుతున్నాయి. స్కూలు ఒక్కో మెషీన్‌కీ గూగుల్ లైసెన్స్ కొని తన అడ్మిన్ కన్సోల్‌లో (స్కూలు మెషీన్లన్నీ నిర్వహించే పేజీ) చేరుస్తుంది. దాన్నే ఎన్‌రోల్‌మెంట్ అంటారు. దాంతోపాటు ఫోర్స్‌డ్ రీ-ఎన్‌రోల్‌మెంట్ అనేది కూడా మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. మీరు మెషీన్‌ను పూర్తిగా చెరిపి వైఫై కలపగానే అది గూగుల్ సర్వర్‌ను తన సీరియల్ నంబరుతో "నేనెవరిదాన్ని" అని అడుగుతుంది. సర్వర్ స్కూలు పేరు చెప్తుంది. వెంటనే స్కూలు అకౌంట్‌తో లాగిన్ అవమనే తెర వచ్చి నిలబడుతుంది, అది దాటి ముందుకు పోనివ్వదు. ఈ గుర్తులు కొన్ని మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్ (మెషీన్‌ను లేపే మూల ప్రోగ్రాం) చిప్‌లోనూ రాసి ఉంటాయి. స్టోరేజ్ మార్చినా, రికవరీ పెన్‌డ్రైవ్‌తో ఓఎస్ మళ్లీ ఎక్కించినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే. పైగా మనకు నచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోనిచ్చే డెవలపర్ మోడ్‌ను కూడా అడ్మిన్ ఆపేసి ఉంటాడు, ఆ దారీ మూసుకున్నట్టే.

డబ్బు చేతిలో పెట్టకముందు

కొట్లో మెషీన్ ఆన్ చేసి గెస్ట్ మోడ్‌లో యూట్యూబ్ చూపిస్తారు. అది పరీక్ష కాదు. లాగిన్ తెర మీద కింద మూల గడియారం దగ్గర నొక్కండి. ఫలానా డొమైన్ నిర్వహణలో ఉందన్న వాక్యమో, చిన్న భవనం గుర్తో కనపడితే అది స్కూలు మెషీనే. అదే తెర మీద ఆల్ట్, వీ కలిపి నొక్కితే వెర్షన్‌తో పాటు సీరియల్ నంబరు కూడా వస్తుంది. దాన్ని అడుగున ఉన్న స్టిక్కరుతో పోల్చుకోండి. రెండూ వేరైతే బోర్డు మార్చారనో, అడుగు మూత వేరే మెషీన్‌దనో అర్థం. స్కూలుకు రాసేటప్పుడు పనికొచ్చేది తెర మీది నంబరే.

ఇక అసలు పరీక్ష పవర్‌వాష్, అంటే మెషీన్‌ను పూర్తిగా చెరిపి కొత్తదానిలా చేయడం. లాగిన్ తెర మీద కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఆర్ నాలుగూ కలిపి నొక్కి, రీస్టార్ట్ చేసి, పవర్‌వాష్ ఒప్పుకోండి. తిరిగి లేచాక కొట్టువాళ్ల వైఫై కాకుండా మీ ఫోన్ హాట్‌స్పాట్ కలపండి. నెట్ కలిసిన తర్వాత మామూలు జీమెయిల్ అడిగే తెర వచ్చి, మీ అకౌంట్‌తో డెస్క్‌టాప్ దాకా వెళ్లగలిగితే మెషీన్ శుభ్రం. ఎంటర్‌ప్రైజ్ ఎన్‌రోల్‌మెంట్ అని వస్తే అక్కడే వదిలేయండి. "ఇంటికెళ్లి చేసుకో అన్నా, ఇక్కడ నెట్ స్లో" అంటే ఆ బేరం వద్దు. పవర్‌వాష్ బటనే పని చేయకపోవడం కూడా జవాబే, అడ్మిన్ దాన్నీ ఆపేశాడని అర్థం. ఇంకో రకం తెర ఉంది: మెషీన్ లాక్ చేయబడింది, యజమానికి తిరిగివ్వండి అని స్కూలు పేరు, ఫోన్ నంబరు చూపిస్తుంది. పోయిందనో, దొంగతనమైందనో అడ్మిన్ చేతులారా డిసేబుల్ చేసిన మెషీన్ అది. తగ్గించి ఇస్తామన్నా ముట్టుకోవద్దు. దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. పాత ఐపీసీ 411 ఇప్పుడు ఇదే.

విండోస్ ల్యాప్‌టాప్‌లలో దీనికి సాటి వచ్చేది ఆటోపైలట్. ఇందులో కిటుకు తెలియక మోసపోయేవాళ్లు ఎక్కువ. స్కూలు ఆ మెషీన్ హార్డ్‌వేర్ హ్యాష్‌ను మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేస్తుంది. బోర్డు సీరియల్ వంటి గుర్తులన్నీ కలిపిన వేలిముద్ర లాంటిదన్నమాట. మొదటిసారి సెటప్‌లో నెట్ కలిపినప్పుడే అది బయటపడుతుంది. అమ్మేవాళ్లు నెట్ కలపకుండా లోకల్ అకౌంట్‌తో విండోస్ ఎక్కించి ఇస్తే నెలల తరబడి ఏమీ తెలియదు. ఏదో వైరస్ వచ్చి రీసెట్ కొట్టిన రోజు, ఏ ఊరి స్కూలుదో స్వాగతం తెర వచ్చి కూర్చుంటుంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో వర్క్ లేదా స్కూల్ యాక్సెస్ దగ్గర ఏమీ లేనంత మాత్రాన నమ్మకం పెట్టుకోకండి. అక్కడ కనపడేది ప్రస్తుత చేరిక మాత్రమే, నమోదు కనపడదు. రీసెట్ చేయించి, నెట్ కలిపి, సెటప్ చివరి దాకా చూడటం ఒక్కటే దారి. గంట పడుతుంది, పడనివ్వండి.

మ్యాక్‌బుక్, ఐప్యాడ్ అయితే చెరిపి వైఫై కలిపాక రిమోట్ మేనేజ్‌మెంట్ అనే తెర వస్తుందేమో చూడాలి. వస్తే అది ఆపిల్ స్కూల్ మేనేజర్‌లో, అంటే ఆపిల్ దగ్గర స్కూలు పేరున ఉండే జాబితాలో ఉన్నట్టు. యాక్టివేషన్ లాక్ వేరు, అది మనిషి ఆపిల్ అకౌంట్‌కు సంబంధించినది. కొన్న అసలు బిల్లు చూపిస్తే ఆపిల్ సపోర్ట్ యాక్టివేషన్ లాక్ సంగతి పరిశీలిస్తుంది కానీ, రిమోట్ మేనేజ్‌మెంట్ తీయాల్సింది సంస్థే.

స్కూలు చేత తీయించడం

కొనేసిన తర్వాత ఈ సంగతి తెలిసినవాళ్ల మాటేమిటి? దారి ఉంది, ఓపిక కావాలి. ఎన్‌రోల్‌మెంట్ తెర మీద స్కూలు డొమైన్ పేరు ఉంటుంది. ఆ పేరుతో వెతికితే స్కూలు సైటు, అందులో టెక్నాలజీ విభాగం ఈమెయిల్ దొరుకుతాయి. ప్రిన్సిపాల్‌కు రాస్తే ఏ మూలో పడి ఉంటుంది, టెక్నాలజీ విభాగానికే రాయండి. మెయిల్‌లో మోడల్, తెర మీది సీరియల్ నంబరు, ఎన్‌రోల్‌మెంట్ తెర ఫోటో, అడుగు స్టిక్కరు ఫోటో, మీరు కొన్న బిల్లు, అమ్మిన కొట్టు పేరు, ఊరు పెట్టండి. "ఇది మీ జాబితాలోంచి అమ్మేసినదే అయితే డీప్రొవిజన్ చేయండి, పోయిన మెషీన్ అయితే చెప్పండి, తిరిగిచ్చేస్తాం" అని రెండు ముక్కలు సూటిగా రాస్తే చాలు. డీప్రొవిజన్ అంటే స్కూలు తన జాబితాలోంచి ఆ మెషీన్‌ను తీసేయడం. అన్‌లాక్ చేయండని ఊరికే అడిగితే వాళ్లకు అనుమానం వస్తుంది. అమ్మకం, బిల్లు, సీరియల్ మూడూ కనపడితే జవాబు వచ్చే అవకాశం పెరుగుతుంది. స్కూళ్లు పాత మెషీన్లను రీసైక్లింగ్ కంపెనీకి గంపగుత్తగా ఇచ్చి, డీప్రొవిజన్ చేయడం మర్చిపోవడం మామూలు. చాలా కేసుల్లో ఇది దొంగతనం కాదు, బద్ధకం.

అవతల అడ్మిన్ చేయాల్సింది పెద్ద పనేం కాదు. అడ్మిన్ కన్సోల్‌లో డివైసెస్, క్రోమ్, అక్కడ సీరియల్ వెతికి, డీప్రొవిజన్ ఎంచుకుని, కారణం దగ్గర ఫ్లీట్ నుంచి తప్పిస్తున్నామని పెట్టాలి. చేశామని మెయిల్ వచ్చాక మీరు మళ్లీ పవర్‌వాష్ చేసి నెట్ కలపండి. అప్పటికీ లాక్ పోకపోతే కారణాలు మూడు నాలుగే. అడ్మిన్ డీప్రొవిజన్ బదులు డిసేబుల్ నొక్కి ఉండొచ్చు. మెషీన్‌ను వేరే విభాగం కిందికి మార్చి అయిపోయిందనుకుని ఉండొచ్చు. సీరియల్‌లో సున్నాకూ ఓ అక్షరానికీ తేడా పడి ఉండొచ్చు. లేదా ఆ మెషీన్ జీరో-టచ్ జాబితాలో కూడా ఉండి ఉండొచ్చు. కొత్త మెషీన్‌ను అమ్మేటప్పుడే కంపెనీ స్కూలు పేరున ముందుగా నమోదు చేసే పద్ధతి అది, దాన్ని విడిగా తొలగించాలి. ఈ నాలుగూ ఒక్కొక్కటే మెయిల్‌లో అడగండి. పవర్‌వాష్‌తో తేడా రాకపోతే రికవరీ పెన్‌డ్రైవ్‌తో ఓఎస్ మొత్తం తిరిగి ఎక్కించి చూడొచ్చు: వేరే కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్‌కు క్రోమ్‌బుక్ రికవరీ యుటిలిటీ కలుపుకుని, మోడల్ ఎంచుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద రాయించాలి. మెషీన్‌లో ఎస్కేప్, రిఫ్రెష్, పవర్ మూడూ కలిపి నొక్కితే రికవరీ తెర వస్తుంది.

ఒక జాగ్రత్త. విడుదలైన మెషీన్‌లో కంట్రోల్, ఆల్ట్, ఈ నొక్కకండి, అది మళ్లీ ఎన్‌రోల్ చేసే తెరకు తీసుకెళ్తుంది. ఏదో స్కూలు అకౌంట్ ఉందని పిల్లలు దాంతో అక్కడ లాగిన్ కొడితే, ఆ అకౌంట్‌కు అనుమతి ఉంటే, తీయించిన లాక్ మళ్లీ పడుతుంది.

ఆటోపైలట్‌కు అడ్మిన్ ఇన్‌ట్యూన్‌లో (మైక్రోసాఫ్ట్ వాళ్ల మెషీన్ల నిర్వహణ పేజీ) ముందు ఆ మెషీన్‌ను తొలగించి, తర్వాత విండోస్ ఎన్‌రోల్‌మెంట్ కింద ఆటోపైలట్ డివైసెస్ జాబితాలోంచి కూడా తీసేయాలి. మొదటిది చేసి రెండోది మరవడమే ఎక్కువ. ఆపిల్‌కు స్కూల్ మేనేజర్‌లో సంస్థ నుంచి విడుదల చేసే ఆప్షన్ ఉంటుంది. విడుదలయ్యాక చెరిపి మొదట్నుంచి సెటప్ చేయాలి.

మెషీన్ మన దగ్గర కాలేజీదే అయితే మెయిళ్లు వద్దు. బిల్లు, మెషీన్ పట్టుకుని కాలేజీకే వెళ్లండి. ల్యాబ్ ఇన్‌ఛార్జి సార్‌ని "పాత సిస్టమ్స్ వేలం వేశారు కదా సార్, అందులోది, ఒకసారి చూసి పెట్టండి" అని అడిగితే పది నిమిషాల పని. మూత మీది స్టాక్ నంబరు గీకేసి ఉంటే మాత్రం ఆయన ముందు రిజిస్టరు తీస్తాడు, తీయాలి కూడా.

బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోని ప్రోగ్రాం) పాస్‌వర్డ్ ఇంకో తలనొప్పి. బోర్డు మీది చిన్న సీమోస్ సెల్ పీకితే పోతుందనేది పాత డెస్క్‌టాప్‌ల కాలం నాటి మాట. ఇప్పటి ఆఫీసు తరహా ల్యాప్‌టాప్‌లలో అది కరెంటు లేకున్నా చెరిగిపోని చిప్‌లో ఉంటుంది. డెల్ అయితే సర్వీస్ ట్యాగ్, బిల్లు పెట్టి యాజమాన్య మార్పు దరఖాస్తు ఇచ్చి సపోర్ట్‌ను అడగాలి. థింక్‌ప్యాడ్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్‌కు కంపెనీ చెప్పే మందు బోర్డు మార్చడమే, అంటే మెషీన్ ధర అంత. చిప్ తీసి వేరే బయోస్ ఫైలు రాసి ఇస్తామనే కొట్లు ఉన్నాయి. తెలియక వేరే మెషీన్ ఫైలు ఉన్నది ఉన్నట్టు రాస్తే సీరియల్ నంబరు, నెట్‌వర్క్ అడ్రసు, బయోస్‌లో దాగున్న విండోస్ కీ అన్నీ చెరిగిపోతాయి. ఆ తర్వాత కంపెనీ దగ్గరికెళ్లినా అది మీ మెషీనని చూపడానికి ఆధారం మిగలదు.

అబ్సల్యూట్ పేరుతో బయోస్‌లోనే కూర్చునే ట్రాకింగ్ ఒకటి ఉంది, పాత పేరు కంప్యూట్రేస్. బయోస్‌లో సెక్యూరిటీ పేజీలో దాని వరుస చూడండి. యాక్టివేట్ అని ఉంటే విండోస్ కొత్తగా ఎక్కించినా అది తన ఏజెంట్‌ను తిరిగి దింపుతుంది, యజమాని ఎప్పుడైనా మెషీన్‌ను దూరం నుంచే బిగించగలడు. తీయాల్సింది ఆ లైసెన్స్ కొన్న సంస్థే.

ట్యాబుల గురించి ఒక్క మాట. రాష్ట్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో సామ్‌సంగ్ ట్యాబులు ఇచ్చింది. పిల్లల చదువుకిచ్చిన వస్తువు అది, బజార్లో ఎంత చవగ్గా కనపడినా కొనకండి. మామూలు సెకండ్‌హ్యాండ్ ట్యాబ్‌కు సిమ్ ఉంటే దాని ఐఎంఈఐ నంబరును కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ సైటులో చూసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లకు అలాంటి జాబితా లేదు, అందుకే బిల్లు అంత ముఖ్యం.

స్కూలు పలకకపోతే

రెండు మూడు మెయిళ్లకూ జవాబు లేకపోతే అమ్మిన కొట్టుకు తిరిగివ్వడమే. లాక్ సంగతి చెప్పకుండా అమ్మడం లోపమున్న సరుకు అమ్మడమే. ముందు వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి, ఎన్‌రోల్‌మెంట్ తెర ఫోటో పెట్టండి. అయినా ఇవ్వకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత నెల్లూరు లేదా ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఓఎల్‌ఎక్స్‌లో ఏ మనిషి దగ్గరో తన సొంత వస్తువు కొంటే ఈ దారి పనికిరాదు, ఎందుకంటే అతను వ్యాపారి కాడు. దుకాణంలో బిల్లుతో కొనమనేది ఇందుకే. "బిల్లొద్దు, ఐదు వందలు తగ్గిస్తా" అన్న బేరంలో మీరు అమ్ముకునేది ఈ హక్కునే.

యూట్యూబ్‌లో కనపడే అన్‌ఎన్‌రోల్ కిటుకుల గురించి అడిగేవాళ్లు ఉన్నారు. అవన్నీ ఏదో ఒక వెర్షన్‌లోని లోపం మీద నడిచేవి. గూగుల్ దాన్ని పూడ్చగానే చెల్లవు. నడిచినా మెషీన్ గూగుల్ లెక్కలో స్కూలుదే. రేపు పవర్‌వాష్ అయితే మళ్లీ మొదటికొస్తుంది. వాటికోసం ఐదు వందలిచ్చి ఫైళ్లు కొనడం దండగ. తిరిగివ్వలేని సక్రమమైన మెషీన్ అయితే విడిభాగాలుగా దానికి విలువుంది: టైప్-సీ చార్జర్, బ్యాటరీ, 11.6 అంగుళాల తెర, కీబోర్డు రిపేరు కొట్లలో అడుగుతారు. ర్యామ్, స్టోరేజ్ చాలా మోడళ్లలో బోర్డుకే అంటించి ఉంటాయి, వాటికి పైసా రాదు.

విడుదలైన క్రోమ్‌బుక్ చేతికొచ్చాక చూడాల్సింది అప్‌డేట్ల గడువు. సెట్టింగ్స్‌లో అబౌట్, అదనపు వివరాల్లో తేదీ ఉంటుంది. 2021 నుంచి వచ్చిన ప్లాట్‌ఫామ్‌లకు గూగుల్ పదేళ్ల అప్‌డేట్లు ఇస్తోంది. అంతకుముందువాటిలో కొన్నింటికి సెట్టింగ్స్‌లో మనం ఒప్పుకుంటేనే పొడిగింపు. గడువు దాటిపోతే బ్యాంకు పనులకు వాడొద్దు. అప్పుడు లినక్స్ మంచి దారి, కానీ బోర్డులో ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసర్ ఉండాలి. లెనోవో 300ఈ అని ఒకే పేరున్నా మొదటి తరంలో మీడియాటెక్ ఉంటుంది, దానికి ఈ పద్ధతి నడవదు.

ముందు డెవలపర్ మోడ్: రికవరీ తెర మీద కంట్రోల్, డీ నొక్కి ఎంటర్. లోపలిదంతా చెరిగిపోతుంది. తర్వాత ఫర్మ్‌వేర్ రైట్-ప్రొటెక్ట్, అంటే ఫర్మ్‌వేర్‌ను మార్చనివ్వని అడ్డు తీయాలి. పాత మోడళ్లలో బోర్డు మీద దానికోసమే ఒక స్క్రూ ఉంటుంది. 2017 తర్వాతి చాలావాటిలో బ్యాటరీ కనెక్టర్ విప్పి, చార్జర్ మీదే ఆన్ చేస్తే సరిపోతుంది. ఆ కనెక్టర్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా గోళ్లతో రెండు పక్కలా నెమ్మదిగా జరపండి, పిన్ను వంగితే బోర్డే పోయినట్టు. మిస్టర్‌క్రోమ్‌బాక్స్ సైటులోని ఫర్మ్‌వేర్ యుటిలిటీ స్క్రిప్టు పాత ఫర్మ్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోమంటుంది. ఆ అడుగు దాటేయకండి, తిరిగి క్రోమ్ ఓఎస్ కావాలంటే ఆధారం అదే. రాస్తున్నప్పుడు కరెంటు పోతే మెషీన్ మళ్లీ లేవదు. బ్యాటరీ విప్పి ఉంది కాబట్టి ఇన్వర్టర్ లైనున్న ప్లగ్‌లోనే పెట్టండి, వేసవి మధ్యాహ్నాల్లో అసలు మొదలెట్టకండి.

4 జీబీ ర్యామ్‌కు లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, లేదా లుబుంటు సరిపోతాయి. ఎక్కించాక చాలా మోడళ్లలో సౌండు రాదు, దానికి క్రోమ్‌బుక్ లినక్స్ ఆడియో అనే స్క్రిప్టు విడిగా నడపాలి, అది మోడల్ చూసుకుని సెట్ చేస్తుంది. పై వరుసలో వాల్యూమ్, బ్రైట్‌నెస్ కీలు ఎఫ్1, ఎఫ్2లుగా పని చేస్తాయి, కీబోర్డు సెట్టింగ్స్‌లో క్రోమ్‌బుక్ మోడల్ ఎంచుకుంటే దారికొస్తాయి. తెలుగు టైపింగ్‌కు ఐబస్‌లో (లినక్స్‌లో భాషల టైపింగ్ సాధనం) ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కలుపుకోండి.